74 దగ్గర ఆగిపోయిన ముల్లు: రోజూ గంట నడుస్తున్నా ఏడు వారాలుగా కదలడం లేదు

రాయగడ టీచర్
జనవరి 8, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

నాది ఒడిశాలోని రాయగడ. నాకు 43 ఏళ్లు. ఎత్తు 157 సెంటీమీటర్లు. కిందటి జూన్‌లో 84 కిలోలు ఉండేదాన్ని. షుగర్ బోర్డర్‌లో ఉందని డాక్టరుగారు చెప్పగానే, మా అమ్మ కాలి పుండుకి కట్టు మార్చుకుంటూ అరుగు మీద కూర్చున్న రోజులు గుర్తొచ్చాయి. మర్నాటి నుంచే నడక మొదలుపెట్టాను. తెల్లవారి 5 గంటలకి బయలుదేరి మజ్జిగౌరమ్మ గుడి దాకా వెళ్లి వస్తే సరిగ్గా గంట. వానాకాలంలో గొడుగు వేసుకుని నడిచాను గానీ మానలేదు. రాత్రి అన్నం బదులు రెండు పుల్కాలు తింటున్నాను. టీలో పంచదార తీసేశాను.

నవంబరు మూడో వారానికి 74కి వచ్చాను. బీరువాలో అడుగున పడేసిన జాకెట్లు మళ్లీ పట్టాయి. అంతే, అక్కడితో ఆగింది. ఏడు వారాలుగా ముల్లు 73.8, 74.2, 74.0 మధ్యే తిరుగుతోంది. అదే నడక, అదే తిండి. నిన్న స్కేలు మీద నుంచి దిగి బాత్రూంలోనే ఏడ్చేశాను.

స్టాఫ్ రూంలో ఒకరు వయసు అంటారు, ఒకరు థైరాయిడ్ అంటారు. మా ఆయన ఇంకో అరగంట నడువు అంటున్నారు. ఆ అరగంట ఎక్కడి నుంచి తేను? 6:30కి కుళాయి వస్తుంది, 7:30కి క్యారేజీలు కట్టాలి. ఈ దశ దాటినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి, ఏం చేశారు?

—

కొరాపుట్ పరుగు
జనవరి 8, రాత్రి 10:15

అక్కా, నడకకి ఒళ్లు అలవాటుపడిపోయింది. ఇంక పరుగెత్తాలి. నేను రోజూ 6 కిలోమీటర్లు ఘాట్ రోడ్డులో పరుగెత్తి నాలుగు నెలల్లో 11 కిలోలు తగ్గాను. మొదటి వారం ఊపిరి ఆడదు, తర్వాత అదే అలవాటవుతుంది. వారానికి రెండు రోజులతో మొదలుపెట్టండి.

—

బరంపురం డైటీషియన్
జనవరి 9, ఉదయం 7:05

టీచర్ గారూ, ముందు ఒక మాట. మీరు తప్పేమీ చేయలేదు. 84లో 10 అంటే 12 శాతం బరువు. షుగర్ బోర్డర్‌లో ఉన్న మనిషికి ఇది చాలా పెద్ద మేలు. ఇప్పటికే జరిగిపోయిన మేలు, దాన్ని తక్కువ చేసుకోవద్దు. నేను 14 ఏళ్లుగా ఈ పనిలో ఉన్నాను. ఇలా ఆగనివాళ్లని చాలా తక్కువ మందిని చూశాను.

ఎందుకు ఆగుతుందో లెక్క వేసి చూద్దాం. మీరు 84 ఉన్నప్పుడు ఆ గంట నడకకి దాదాపు 290 కేలరీలు ఖర్చయ్యేవి. ఇప్పుడు అదే దారికి, అదే గంటకి 260. మోసే బరువు తగ్గింది కదా. ఇక పడుకున్నా కూర్చున్నా ఒంటికి అయ్యే ఖర్చు ఉంటుంది. అది కిలోకి రోజుకి 10 కేలరీల చొప్పున తగ్గుతుంది. పది కిలోలకి వంద. ఇంటి పని, బడిలో అటూ ఇటూ తిరగడం అన్నీ కలుపుకుంటే జూన్‌లో కంటే మీకిప్పుడు రోజుకి 150 నుంచి 200 కేలరీలు తక్కువ చాలు. జూన్‌లో లోటు అనిపించిన తిండి జనవరిలో సరిగ్గా సరిపోతోంది. తిండీ అదే, నడకా అదే, మారింది మీ ఒళ్లు.

దీని పైన ఇంకొకటి ఉంది. బరువు తగ్గేకొద్దీ శరీరం ఖర్చుని లెక్కకి మించి కుదించుకుంటుంది. అమెరికాలో టీవీ పోటీ కోసం విపరీతంగా బరువు తగ్గిన 14 మందిని ఆరేళ్ల తర్వాత పరీక్షించి 2016లో ఫలితాలు ప్రచురించారు. విశ్రాంతిలో వాళ్ల ఒళ్లు ఖర్చు చేసేది, ఆ బరువుకి ఉండాల్సినదానికంటే రోజుకి దాదాపు 500 కేలరీలు తక్కువ. వాళ్లంత దూకుడుగా తగ్గలేదు కాబట్టి మీకు అంత ఉండదు, కొంత మాత్రం ఉంటుంది. ఆకలి పుట్టించే హార్మోన్లు కూడా బరువు తగ్గిన ఏడాదికీ పాత స్థితికి రావని 2011లో ఆస్ట్రేలియాలో చూశారు. అందుకే మునుపు పట్టని సింగడా (సమోసా) వాసన ఇప్పుడు ముక్కుకి తగులుతుంది. అది మీ మనసు బలహీనత కాదు.

కొరాపుట్ తమ్ముడూ, నీ ఉత్సాహం బాగుంది. కానీ 43 ఏళ్ల వయసులో 74 కిలోలతో సిమెంటు రోడ్డు మీద పరుగు అంటే ముందు మోకాళ్ల సంగతి చూడాలి.

టీచర్ గారూ, నాకు మూడు సంగతులు కావాలి. నెలకి ఇంట్లో నూనె ఎంత వస్తుంది, ఎంతమంది తింటారు? మధ్యాహ్నం అన్నం ఎన్ని గ్రాములు, వండాక తూచి చెప్పాలి. నవంబరు మూడో వారం తర్వాత ఇంట్లో ఏమైనా మారిందా?

—

పర్లాకిమిడి జీడిపప్పు
జనవరి 9, మధ్యాహ్నం 2:30

డైటీషియన్ అమ్మ అడిగిన ఆ మూడో ప్రశ్నే నన్ను బయటపడేసింది, అందుకని రాస్తున్నాను.

నాది జీడిపప్పు వ్యాపారం. పలాస నుంచి సరుకు తెచ్చి ఇక్కడ అమ్ముతాను. 102 నుంచి 91కి వచ్చి మూడు నెలలు అక్కడే ఉండిపోయాను. మహేంద్రతనయ ఒడ్డున రోజూ గంటంపావు నడుస్తాను. తిండి అంతా మా ఆవిడ కొలిచే పెడుతుంది. ఇంకేం చేయాలో తోచలేదు.

ఒక రోజు మా అబ్బాయి సలహా ఇచ్చాడు. నాన్నా, ఇవాళ నోట్లో వేసుకోవాలనిపించినదల్లా నోట్లో వేసుకోకు, ఈ గిన్నెలో వెయ్యి అన్నాడు. సరే అన్నాను. సరుకు చూస్తున్నప్పుడు ఒక బద్ద కొరికి చూడటం మా వృత్తిలో మామూలే. ఎండిందా, కారం పట్టిందా, నూనె వాసన వస్తోందా అని. కొన్నవాడికి రెండు ఇచ్చి మనమూ ఒకటి వేసుకుంటాం. అది తిండి అని ఏనాడూ అనుకోలేదు. సాయంత్రం ఆ గిన్నెని కొట్లో కాటా మీదే పెట్టాను. 60 గ్రాములు. అంటే సుమారు 330 కేలరీలు. నా గంటంపావు నడక మొత్తం ఆ గిన్నెలో ఉంది.

ఇప్పుడు కొట్లో జేబులో లవంగం పెట్టుకుంటాను. రుచి చూడటం మా గుమాస్తా పని. 91 దాటి 87కి వచ్చాను.

—

గుణుపురం బాబాయ్
జనవరి 9, సాయంత్రం 6:10

తల్లీ, మా రోజుల్లో ఈ కేలరీలూ తూకాలూ లేవు. ఏకాదశికి నిర్జలం, సోమవారం ఏకభుక్తం, అంతే. ఒళ్లు దానంతట అదే సర్దుకునేది. వారానికి రెండు రోజులు పచ్చి నీళ్లు కూడా ముట్టకుండా ఉండి చూడు. పొద్దున్నే గోరువెచ్చని నీళ్లలో తేనె, నిమ్మరసం తీసుకో.

—

జయపురం నర్సు
జనవరి 9, రాత్రి 8:50

బాబాయ్ గారూ, మీ మీద గౌరవంతోనే చెబుతున్నాను. ఉపవాసం వరకు సరే. నీళ్లు మానడం మాత్రం ఎవరికీ చెప్పకండి. మన కొరాపుట్, రాయగడ, గజపతి వైపు సికిల్ సెల్ అనే పుట్టుకతో వచ్చే రక్తం జబ్బు ఉన్న కుటుంబాలు చాలా ఉన్నాయి. కొందరికి తమకి ఉందన్న సంగతే తెలియదు. నీళ్లు తగ్గితే వాళ్లకి కీళ్లలో, ఎముకల్లో నొప్పులు ముంచుకొచ్చి ఆసుపత్రిలో చేరాల్సి వస్తుంది. ఆ నొప్పితో అరిచే పిల్లల పక్కన నేను రాత్రుళ్లు కూర్చున్నాను. షుగర్ మాత్రలు వేసుకునేవాళ్లు డాక్టరుని అడక్కుండా తిండి మానినా ప్రమాదమే, షుగర్ పడిపోతుంది. తేనె కూడా పెద్ద చెంచాకి 60 కేలరీల పైనే ఉంటుంది.

టీచర్ గారూ, థైరాయిడ్ మాట వచ్చింది కాబట్టి ఒకసారి టీఎస్‌హెచ్ అనే రక్తపరీక్ష చేయించండి, దాంతో అనుమానం తీరుతుంది. కానీ అన్నీ దాని మీద పెట్టుకోకండి. థైరాయిడ్ తక్కువగా ఉన్నవాళ్లకి దానివల్ల పెరిగే బరువు మామూలుగా రెండు నుంచి ఐదు కిలోలే. అందులోనూ ఎక్కువ ఉప్పు, నీరు. వాడే మందులు కూడా ఒకసారి చూసుకోండి. స్టెరాయిడ్లు, ఇన్సులిన్, కొన్ని రకాల షుగర్ మాత్రలు, మూర్ఛకి, డిప్రెషన్‌కి ఇచ్చే కొన్ని మందులు బరువు పెంచుతాయి. ఉంటే డాక్టరుతో మాట్లాడండి, మీ అంతట మీరు మానేయకండి.

—

గుణుపురం బాబాయ్
జనవరి 9, రాత్రి 9:20

సికిల్ సెల్ సంగతి నాకు తట్టలేదమ్మా. నీళ్లు మానమన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. టీచరమ్మా, అది చేయకు.

—

రాయగడ టీచర్
జనవరి 11, మధ్యాహ్నం 1:20

అందరికీ చేతులెత్తి దండం. రెండు రోజులు కొలతలతోనే గడిచాయి. ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

నూనె: నెలకి 5 లీటర్ల డబ్బా. తినేది నలుగురం. లెక్క కడితే మనిషికి రోజుకి 41 మిల్లీలీటర్లు, అంటే 340 కేలరీల దాకా నూనె ఒక్కదాంట్లోనే. నేను వేపుళ్లు మానేశాననే అనుకున్నాను. పప్పు పోపు, కూర పోపు, చారు పోపు, పచ్చడి పోపు, ఒక్కోసారి చేత్తో అలా వంచి పోసేదాన్ని. నిన్న మొదటిసారి గరిటెలో పోసి చూశాను. ఒక్క పోపుకే రెండు పెద్ద చెంచాలు.

అన్నం: ఒక కప్పే తింటాను అని అందరికీ చెప్పేదాన్ని. పక్కింటి వాళ్ల వంటింటి కాటా తెచ్చి తూచాను. 310 గ్రాములు, 400 కేలరీలు. కప్పు ఒకటే, దాని మీద గోపురం కట్టి ఉంది.

మూడోది రాయడానికి నాకే ఎలాగో ఉంది. క్యాలెండరు తీసి చూశాను. నా బరువు ఆగింది మార్గశిరంలో. మా అత్తగారు ఇక్కడే పుట్టి పెరిగారు, మార్గశిర లక్ష్మివారాలు (గురువారాలు) ఒడియా వాళ్ల పద్ధతిలోనే చేస్తారు. వాకిట్లో బియ్యప్పిండితో లక్ష్మీదేవి పాదాలు, మానికలో కొత్త ధాన్యం, పిఠాలు అనే పిండివంటలు, ఖీరీ అనే పాయసం. ఆ ప్రసాదం గడప దాటకూడదు, బయటివాళ్లకి పెట్టకూడదు. పిల్లలు ఒకటి తిని లేచిపోతారు, ఆయనకి తీపి పడదు, అత్తగారికి షుగర్. పారేస్తే మహాపాపం. మిగిలిన కాకరా అనే తీపి పిఠాలన్నీ శుక్రవారం సాయంత్రానికి నేనే తినేసేదాన్ని. దేవుడి ప్రసాదం కదా, అది తిండి కింద ఎప్పుడూ లెక్కపెట్టలేదు. జీడిపప్పు అన్నయ్య గారి గిన్నె కథ చదవగానే నాకు ఈ పిఠాలే కళ్ల ముందుకొచ్చాయి.

సరే, మార్గశిరం అయిపోయింది. మరి ఇప్పుడు ఎందుకు తగ్గట్లేదు?

—

బరంపురం డైటీషియన్
జనవరి 11, రాత్రి 9:30

మీరు అలా కుంచించుకుపోవాల్సిన పని లేదు. 1992లో న్యూయార్క్‌లో ఒక పరిశోధన జరిగింది. 1200 కేలరీల లోపే తింటున్నాం, అయినా తగ్గట్లేదు అనే మనుషుల్ని తీసుకుని, వాళ్ల ఒళ్లు నిజంగా ఎంత ఖర్చు చేస్తోందో కొలిచారు. వాళ్ల ఒంట్లో ఏ లోపమూ లేదు. తిన్నదాంట్లో 47 శాతం వాళ్లు రాసిన లెక్కలోకి రాలేదు. చేసిన శ్రమని 51 శాతం ఎక్కువగా రాసుకున్నారు. వాళ్లు అబద్ధాలాడలేదు. మనిషి కన్ను తిండిని అలాగే చూస్తుంది. చదువుకున్నవాళ్లు, డాక్టర్లు, నాలాంటి డైటీషియన్లు కూడా తూచకపోతే తప్పే చెబుతారు.

మార్గశిరంలో ఏర్పడిన ఆ సమతూకమే ఇప్పుడూ నడుస్తోంది. పిఠాలు పోయినా సంక్రాంతి పిండివంటలు వచ్చే ఉంటాయి. అందుకే నడక పెంచమని నేను చెప్పను. ఆ గంటని అలాగే ఉంచండి, అది మీ గుండెకీ షుగర్‌కీ మందు. రోజులో 200 కేలరీలు ఎక్కడ తీయాలో మీ పోస్టులోనే ఉంది. నూనె డబ్బా ఇంకో పదిహేను రోజులు అదనంగా రావాలి. అన్నం గోపురం లేకుండా 200 గ్రాములు. ఈ రెండూ చాలు.

తీసినచోట మాంసకృత్తులు పెట్టాలి. మన జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు మామూలు మనిషికి కిలోకి 0.83 గ్రాములు చాలంటారు. బరువు తగ్గుతున్నప్పుడు కండ కరగకుండా ఉండాలంటే కిలోకి 1 నుంచి 1.2 దాకా తీసుకోవడం మంచిది, కిడ్నీ జబ్బు లేకపోతేనే. మీకు 75 నుంచి 90 గ్రాములు. ఒక్క గుడ్డుకి 6, వంద గ్రాముల చేపకి 18 నుంచి 20, ముప్పై గ్రాముల సోయా ముక్కలకి 15. మన ఉలవలు వంద గ్రాములకి 22 దాకా. ఉలవచారు నీళ్లు కాదు, గింజలు కూడా తినాలి. చోడి (రాగి) అంబలి మంచిదే, క్యాల్షియం పుష్కలం. కానీ చోళ్లలో మాంసకృత్తులు వందకి 7 గ్రాములే, కేలరీలు బియ్యానికి కాస్త తక్కువ, అంతే. చోళ్లు కాబట్టి ఎంతైనా తాగొచ్చు అనుకోవద్దు.

ఇక కండ. తగ్గిన పది కిలోల్లో పావు వంతు దాకా కండ పోయి ఉండొచ్చు. నడకతో అది తిరిగి రాదు. ఆ ఖాళీ నూనె డబ్బాలు రెండు పారేయకండి. నీళ్లు నింపితే ఒక్కోటీ 5 కిలోలు. వారానికి మూడు రోజులు, ఇరవై నిమిషాలు. చేతులు ఛాతీ మీద కట్టుకుని కుర్చీలో నుంచి లేచి కూర్చోవడం 10 సార్లు. గోడకి అడుగున్నర దూరంలో నిలబడి చేతులు ఆన్చి ముందుకి వంగి లేవడం 10. నడుము వంచకుండా పిర్రలు వెనక్కి తోసి డబ్బాలు నేల నుంచి ఎత్తడం 10. ఈ మూడూ మూడేసి విడతలు. రెండు వారాలకి తేలిగ్గా అనిపిస్తే అదే డబ్బాలు పట్టుకుని కుర్చీలో నుంచి లేవండి. మీ నడకలోనే మంగళ, గురు, శనివారాలు ఇరవై నిమిషాలు తగ్గించి దీనికివ్వండి. కొత్త అరగంట వెతకనక్కర్లేదు.

ఒక టేపు కొనండి. బొడ్డు దగ్గర చుట్టుకొలత రాసుకోండి. మన దేశంలో ఆడవాళ్లకి 80 సెంటీమీటర్లు, మగవాళ్లకి 90 దాటకూడదని లెక్క. బరువు రోజూ చూసినా పర్లేదు. అయితే ఒక్కో రోజు అంకెని పట్టించుకోకుండా ఏడు రోజుల సగటు కట్టండి. ముందురోజు ఎండుచేపల పులుసు, ఆవకాయ తింటే ఉప్పు నీటిని పట్టి ఉంచుతుంది, మర్నాడు కిలో పెరిగినట్టు కనిపిస్తుంది. నెలసరి ముందు కూడా అంతే.

—

రాయగడ టీచర్
జనవరి 12, ఉదయం 6:20

నడుము 97. రాసుకున్నాను. పండగకి మా ఆడపడుచు వాళ్లు వస్తున్నారు, అరిసెలు వండక తప్పదు. పండగ మూడు రోజులూ ఏం చేయాలి?

—

బరంపురం డైటీషియన్
జనవరి 12, ఉదయం 8:00

పండగ చేసుకోండి. అరిసె తినండి, లెక్కపెట్టి తినండి. ఆ వారం బరువు తగ్గించాలనే పట్టుదల పక్కన పెట్టి, పెరగకుండా మాత్రం చూసుకోండి. ఆస్ట్రేలియాలో 51 మంది ఊబకాయులైన మగవాళ్ల మీద రెండు వారాలు తిండి తగ్గించి, రెండు వారాలు సరిపడా తినిపించి చూశారు. ఆపకుండా తగ్గించినవాళ్ల కంటే వాళ్లు ఎక్కువ తగ్గారు. తర్వాత జరిగిన అన్ని ప్రయోగాల్లోనూ అంత తేడా రాలేదు కాబట్టి దాన్ని మంత్రంలా చెప్పను. మధ్యలో ఆగితే అంతా పాడైపోతుందన్న భయం మాత్రం అక్కర్లేదు.

—

మిల్లు నైట్ షిఫ్ట్
జనవరి 14, ఉదయం 9:45

నేనూ రాయగడే. పేపర్ మిల్లులో పని. టీచర్ గారి లాంటి సమస్యే, కాకపోతే నాది ఇంకో రకం. ఏ షిఫ్ట్, బి షిఫ్ట్ వారాల్లో ముల్లు కిందికి దిగుతుంది. సి షిఫ్ట్, అంటే రాత్రి డ్యూటీ, వారం రాగానే ఆగిపోతుంది. రాత్రి రెండింటికి క్యాంటీన్‌లో బరా (గారెలు), ఘుగుని (బఠాణీ కూర) తినకపోతే నిలబడలేను. పొద్దున ఇంటికొచ్చి పడుకుంటే పిల్లల గోల, వీధిలో మైకులు, ఐదు గంటలు పడితే ఎక్కువ. వ్యాయామం మాత్రం ఏ షిఫ్ట్‌లోనూ మానను.

—

జయపురం నర్సు
జనవరి 14, మధ్యాహ్నం 3:10

అన్నయ్యా, నైట్ డ్యూటీ కష్టం నాకు తెలుసు. 2010లో వచ్చిన ఒక చిన్న ప్రయోగం చెబుతాను. పది మందికి ఒకే తిండి పెట్టి, రెండు వారాలు ఎనిమిదిన్నర గంటలు, ఇంకో రెండు వారాలు ఐదున్నర గంటలు పడుకోవడానికి అవకాశం ఇచ్చారు. తగ్గిన బరువు రెండిట్లోనూ దాదాపు మూడు కిలోలే. కానీ సరిగ్గా పడుకున్నప్పుడు అందులో కొవ్వు 1.4 కిలోలు, నిద్ర తగ్గినప్పుడు 0.6. మిగతాదంతా ఎక్కువగా కండ.

నేను చేసేది ఇదీ. డ్యూటీకి వెళ్లేముందు కడుపునిండా తింటాను. రాత్రి రెండింటికి ఉడికించిన రెండు గుడ్లు, మరమరాలు, టీ. ఇంటికొచ్చాక కిటికీకి నల్లటి దుప్పటి కట్టి, ఫోను ఇంకో గదిలో పెట్టి పడుకుంటాను. మధ్యాహ్నం భోజనానికి ముందు ఇంకో గంట కునుకు తీస్తాను. రెండూ కలిపితే ఏడు గంటలు అవుతుంది. సి షిఫ్ట్ వారంలో బరువు తగ్గాలని చూడకండి. నిలబెట్టుకుంటే ఆ వారానికి అదే చాలు.

—

కొరాపుట్ పరుగు
జనవరి 19, రాత్రి 10:30

ఒక సంగతి ఒప్పుకోవాలి. నాకూ నెల రోజులుగా బరువు కదలడం లేదు. 6 కిలోమీటర్లని 9 చేశాను. ఎడమ మోకాలి చిప్ప కింద నొప్పి మొదలైంది, బరువు మాత్రం అంతే. ఎందుకా అని చదువుతుంటే హెర్మన్ పాంట్జర్ అనే శాస్త్రవేత్త పని కనిపించింది. టాంజానియాలో హద్జా అనే వేటాడి బతికే జాతి ఉంది. రోజూ మైళ్లకొద్దీ నడుస్తారు, దుంపలు తవ్వుకుంటారు. వాళ్లు రోజు మొత్తంలో ఖర్చు చేసే శక్తిని కొలిచి 2012లో ప్రచురించారు. ఒంటి సైజు లెక్కలోకి తీసుకుంటే, కుర్చీలో పనిచేసే అమెరికా వాళ్ల ఖర్చుకీ వీళ్ల ఖర్చుకీ తేడా కనిపించలేదు. శ్రమ పెరిగితే ఒళ్లు మిగతా చోట్ల ఖర్చు తగ్గించుకుంటుందని ఆయన వాదన.

ఇది చదివాక నా సాయంత్రాలు గుర్తొచ్చాయి. పొద్దున 9 కిలోమీటర్లు పరుగెత్తి, ఆఫీసు నుంచి రాగానే మంచం మీద వాలిపోతున్నాను. కూరగాయలకి కూడా బండి తీస్తున్నాను. ఇదివరకు నడిచే వెళ్లేవాణ్ని. అక్కా, మీకు తొందరపడి సలహా ఇచ్చాను, క్షమించండి. పరుగు మానను, అది నాకు ప్రాణం. కానీ 5కి తగ్గించి, వారానికి మూడు రోజులు డబ్బాలు ఎత్తుతున్నాను.

—

పర్లాకిమిడి జీడిపప్పు
జనవరి 20, ఉదయం 11:00

తమ్ముడూ, మోకాలు చూపించుకో. నొప్పి మీద పరుగెత్తకు.

—

మునిగుడ వదిన
జనవరి 24, సాయంత్రం 5:15

అందరూ చెప్పింది చదివాను. ఎండలు మొదలైతే మా ఇంట్లో పొద్దున చద్దన్నమే, ఇక్కడివాళ్ల పఖాళ అనుకోండి. అది మానేస్తేనే తగ్గుతానని మా అక్క అంటోంది. నిజమేనా? ఇంకోటి, ఇప్పుడు బరువు తగ్గడానికి ఇంజెక్షన్లు వచ్చాయట కదా?

—

బరంపురం డైటీషియన్
జనవరి 24, రాత్రి 9:00

చద్దన్నం మానక్కర్లేదు వదినగారూ. రాత్రి నానినంత మాత్రాన అన్నంలో కేలరీలు తగ్గవు, పెరగవు. నీళ్లు, పెరుగు, ఉల్లిపాయ కలిసి కడుపు నిండుతుంది, అది లాభమే. పక్కన వేయించిన వడియాలు, ఆలూ వేపుడు, చేప ఫ్రై, అప్పడాలు చేరితేనే చిక్కు. అన్నం ముందు తూచి, తర్వాత నీళ్లు పోయండి. పోశాక కంటికి తెలియదు.

ఇంజెక్షన్లు డాక్టరు రాస్తేనే. వాటిలో ఒకటైన సెమాగ్లుటైడ్ అనే మందు మీద జరిగిన పెద్ద ప్రయోగంలో 68 వారాలకి సగటున 15 శాతం దాకా బరువు తగ్గింది. చివరి వారాల్లో ఆ గీత కూడా చదునైపోయింది. మందు వాడినా ఒళ్లు ఎక్కడో ఒకచోట ఆగుతుంది.

—

రాయగడ టీచర్
ఫిబ్రవరి 10, రాత్రి 8:40

నాలుగు వారాల లెక్క. బరువు సగటు 73.7. అంటే 300 గ్రాములు. జనవరిలో అయితే మళ్లీ ఏడ్చేదాన్నేమో. కానీ నడుము 97 నుంచి 94కి వచ్చింది! టేపు తప్పేమోనని మూడుసార్లు చూశాను, మా అమ్మాయి చేత కూడా కొలిపించాను. టీఎస్‌హెచ్ నార్మల్.

కుర్చీలో నుంచి లేవడం మొదటి రోజు 6 దగ్గరే తొడలు వణికాయి. ఇప్పుడు రెండు చేతుల్లో డబ్బాలతో 12 చేస్తున్నాను. నూనె డబ్బా మీద మార్కరుతో వారానికొక గీత గీశాను, ఆ గీత దాటి దిగితే ఆ వారం పోపులు తగ్గిస్తాను. మా అత్తగారు మొదట నొచ్చుకున్నారు, చారులో రుచి లేదన్నారు. ఇంగువ, మెంతులు కాస్త ఎక్కువ వేసి పోపు ఒక్క చెంచాలో చేశాను. మూడో రోజు నుంచి ఏమీ అనలేదు.

—

బరంపురం డైటీషియన్
ఫిబ్రవరి 10, రాత్రి 9:15

చాలా సంతోషం. కొవ్వు దిగుతోంది, కండ నిలబడుతోంది, అందుకే టేపు కదిలి స్కేలు నిలబడింది. కొత్తగా కండరాలకి పని చెబితే మొదట్లో కాస్త నీరు కూడా పడుతుంది. ఇంకో నెల ఇలాగే ఉంచండి, ఏదీ మార్చకండి.

—

మిల్లు నైట్ షిఫ్ట్
ఫిబ్రవరి 27, ఉదయం 10:20

నల్ల దుప్పటి కట్టాను. మా ఆవిడ పిల్లల్ని పక్కింటికి పంపుతోంది. ఈసారి సి షిఫ్ట్ వారంలో బరువు పెరగలేదు. నర్సమ్మకి థ్యాంక్స్.

—

రాయగడ టీచర్
మార్చి 14, రాత్రి 9:05

72.1. నడుము 92. మూడు నెలల షుగర్ పరీక్ష మళ్లీ చేయించాను, 6.1 నుంచి 5.7కి వచ్చింది. డాక్టరుగారు ఏం చేశారని అడిగితే నూనె డబ్బా సంగతి చెప్పాను, చాలాసేపు విన్నారు.

ఈ మధ్య దేవగిరి కొండకి వెళ్లాం. రెండేళ్ల కిందట సగం మెట్లకే కూలబడి, మిగతావాళ్లు దర్శనం చేసుకుని దిగేదాకా రాయి మీద కూర్చున్నాను. ఈసారి మా అమ్మాయి రెండుసార్లు ఆగింది, నేను ఆగలేదు. పైకెళ్లాక తొడలు మంటెత్తాయి గానీ ఊపిరి అందింది.

మార్గశిరానికి ఇంకా చాలా టైముంది. ఈసారి పిఠాలు ఇంట్లో ఎంతమంది ఉన్నామో లెక్కపెట్టి, అన్నే చేద్దామని అత్తగారితో ఇప్పుడే మాట్లాడాను. లక్ష్మీదేవికి లెక్క తక్కువైతే కోపం రాదా అన్నారు. మిగిల్చి చద్ది చేస్తేనే కోపం వస్తుందేమో అత్తయ్యా అన్నాను. ఆలోచిస్తానన్నారు.

—

మునిగుడ వదిన
మార్చి 15, ఉదయం 7:30

టీచర్ గారూ, నాది 81 దగ్గర ఆగి ఇవాళ్టికి ఐదు వారాలు. నూనె ఎంతో నాకూ తెలియదు, మేం విడిగా సీసాలో తెచ్చుకుంటాం. ఎలా కొలవాలి?

—

రాయగడ టీచర్
మార్చి 15, ఉదయం 7:50

వదినా, ఇవాళ తెచ్చిన సీసా మీద తారీఖు రాయండి. అయిపోయిన రోజు మళ్లీ రాయండి. మధ్యలో వచ్చిన చుట్టాల భోజనాలు కూడా పక్కన రాసుకోండి, నేను మొదట అవి మర్చిపోయాను. సీసా ఖాళీ అయ్యాక ఇక్కడికే రండి, కూర్చుని లెక్క కడదాం.